ఒకేలా కనిపించే ఎర్ర నాచులు: బ్లేడుతో కోసి చూడాలా, డీఎన్ఏకి పంపాలా?

చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో, సముద్రం బాగా వెనక్కి వెళ్లిన ఓ పొద్దున విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద గంటసేపు తిరిగితే సంచెడు ఎర్ర నాచు దొరుకుతుంది. తలనొప్పి గదికి తెచ్చాక మొదలవుతుంది. తెల్ల ట్రేలో నీళ్లు పోసి పరిస్తే ఒకటి జేగురు రంగు దారాల కుచ్చు. పక్కది కూడా జేగురు రంగు దారాల కుచ్చే. పుస్తకంలో బొమ్మ రెండింటికీ సరిపోతుంది. ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ పిల్లలు అప్పుడు అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "సార్, డీఎన్ఏకి పంపేస్తే తేలిపోతుంది కదా?"

కొంత తేలుతుంది, కొంత తేలదు. ఈ రెండు మొక్కలూ ఒకే జాతా, వేర్వేరా అన్నది డీఎన్ఏ చెబుతుంది. చాలాసార్లు ఇంకే పద్ధతీ చెప్పలేనంత గట్టిగా చెబుతుంది. కానీ ఆ జాతి పేరేమిటో డీఎన్ఏకి తెలియదు. పేరు ఎక్కడో ఒక హెర్బేరియంలో, వందేళ్ల కిందటో రెండొందల ఏళ్ల కిందటో కాగితానికి అతికించిన ఎండు మొక్కకు ముడిపడి ఉంటుంది. ఆ మొక్కను వర్ణించినవాళ్లు దాని ఆకారాన్నీ లోపలి నిర్మాణాన్నీ రాశారే తప్ప సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరుస) రాయలేదు. అందుకే పద్ధతి ఎంచుకునే ముందు మీకు కావాల్సింది "ఒకటా, వేరా" అన్న జవాబా, లేక పేరా అన్నది తేల్చుకోండి. ఈ రెండు ప్రశ్నలకూ దారులు వేరు. (ఇక్కడ జాతి అంటే స్పీషీస్, ప్రజాతి అంటే జీనస్.)

## ముందు ఇవి చూసుకోండి

మొదటిది, పేరు దేనికి? కాలేజీ హెర్బేరియం షీటు మీద రాయడానికా, పెంపకానికి విత్తనంగా కొనే ముందు సరిచూసుకోవడానికా, "మన తీరంలో కొత్త జాతి" అని ప్రచురించడానికా? మొదటిదానికి ప్రజాతి వరకు తేలినా చాలు. మూడోదానికి ఏ ఒక్క పద్ధతీ చాలదు.

రెండోది, మొక్క పండిందా లేదా? ఎర్ర నాచుల్లో ప్రజాతుల హద్దులు చాలావరకు ప్రత్యుత్పత్తి భాగాల మీదే గీశారు. అవి లేని మొక్కను మైక్రోస్కోపు కింద ఎంతసేపు పెట్టినా సగం కథే చెబుతుంది.

మూడోది, ఎలా దాచారు? ఫార్మలిన్ సీసాలో నెలల తరబడి ఉన్న మొక్క బ్లేడు కోతలకు బంగారం, డీఎన్ఏకి దాదాపు దండగ. తేమ పీల్చే సిలికా జెల్‌లో కరకరలాడేలా ఎండబెట్టింది డీఎన్ఏకి బంగారం. నానబెడితే కోతలకూ పనికొస్తుంది గానీ కణాలు కొంత నలిగి ఉంటాయి.

నాలుగోది, పోల్చడానికి అవతలి పక్క ఏమైనా ఉందా? ఆ గుంపులో నమ్మదగిన సీక్వెన్సులు ఉన్నాయా, మంచి బొమ్మలతో వర్ణన ఉందా?

డబ్బు, టైమ్ సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అందరూ ముందు అదే అడుగుతారు. కోతకు ఓ బ్లేడు, రంగు, మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపు, చేతి అలవాటు చాలు. డీఎన్ఏకి ల్యాబు, రసాయనాలు, బయట సీక్వెన్సింగ్ ఖర్చు కావాలి. అయితే చేతి అలవాటు రావడానికి పట్టే నెలల్ని ఎవరూ ఖర్చులో రాయరు.

## కంటిచూపు, భూతద్దం

దీని గురించి ఎక్కువ చెప్పను. రంగును నమ్మకండి. "ఎర్ర" నాచు ఎండ దెబ్బకు పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. కొమ్మల పొడవు, మందం కూడా అంతే. అదే జాతి అలలు కొట్టే రాయి మీద పొట్టిగా కుదురుగా, నిలకడ నీళ్లలో జడలా పొడుగ్గా పెరుగుతుంది. హిప్నియా మస్సిఫార్మిస్ కొమ్మ చివర కొక్కెంలా వంకర తిరిగి ఉండటం, గ్రసిలేరియా కార్టికేటా కొమ్మలు రిబ్బన్లలా అణగి ఉండటం లాంటి గుర్తులు కొన్ని మాత్రం పనికొస్తాయి. కంటితో గుంపులు విడదీయండి, పేర్లు పెట్టకండి.

## అడ్డకోత: పది నిమిషాల్లో సగం అనుమానాలు పోతాయి

నా లెక్కలో పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, అయినా ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

ఎండు మొక్కయితే చిన్న ముక్కను సముద్రపు నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి నానబెట్టండి. స్లైడు మీద పెట్టి, ఎడమ చేతి బొటనవేలి గోరు ఆనించి, గోరును వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరుపుకుంటూ కొత్త బ్లేడుతో కొత్తిమీర తరిగినట్టు తరగాలి. మొదటి ఇరవై కోతలు మందంగా వస్తాయి, పారేయండి. నీళ్లలో తేలుతూ అద్దంలా కనిపించేవి రెండు మూడు దొరికితే చాలు. ఒక శాతం ఎనిలిన్ బ్లూలో చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి రంగు పట్టించి కడిగితే కణాల గోడలూ లోపలి పదార్థమూ విడివిడిగా తెలుస్తాయి. స్లైడు నిలవ ఉండాలంటే గ్లిసరిన్. అమెరికాలో నాచు శాస్త్రవేత్తలు కిరాణా కొట్లో దొరికే కార్న్ సిరప్‌ను నీళ్లలో పలచన చేసి వాడతారు, అదీ బాగానే పనిచేస్తుంది.

ఇక మైక్రోస్కోపు కింద. మన రాళ్ల మీద పక్కపక్కనే పెరిగే మూడు గుంపుల్ని తీసుకుందాం.

గ్రసిలేరియా కోతలో నడుమ పెద్ద పెద్ద రంగులేని కణాలు దానిమ్మ గింజల్లా ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. అంచుకు పోయేకొద్దీ చిన్నవై, బయట ఒకటి రెండు వరుసల రంగు కణాలతో ముగుస్తాయి. పెద్ద కణాల నుంచి చిన్న కణాలకు మార్పు మెల్లగా జరుగుతుందా, ఒక్కసారిగా జరుగుతుందా అన్నది జాతుల్ని విడదీయడానికి ఒక గుర్తు.

హిప్నియా కోత మొదటి చూపుకు అలాగే ఉంటుంది. నడిమధ్యన చూడండి. ఒక చిన్న కణం, దాని చుట్టూ పెద్ద కణాలు వలయంలా కూర్చుని ఉంటాయి. అది మొక్క పొడవునా సాగే నడిమి దారం. గ్రసిలేరియా ముదురు కొమ్మలో అది కనిపించదు. ఈ ఒక్క కణం చూడక హిప్నియాను గ్రసిలేరియా అని రాసిన షీట్లు నేను చాలానే చూశాను. తేడా చిన్నది కాదు, మొదటిది క్యారజీనన్ ఇచ్చేది, రెండోది అగర్ ఇచ్చేది (రెండూ నాచుల నుంచి తీసే జిగురు పదార్థాలే).

మూడోది జెలీడియం బంధువర్గం. కోతలో కణాల సందుల్లో మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి మందమైన గోడలున్న సన్నని దారాలు అడ్డంగా తెగినవి, రైజైన్‌లు అంటారు. ఇవి అంచుకు దగ్గరగా గుమిగూడితే మామూలుగా జెలీడియం, నడుమ గుమిగూడితే టెరోక్లేడియా లేదా టెరోక్లేడియెల్లా వైపు అనుమానించాలి. అనుమానమే సుమా, తీర్పు కాదు. తీర్పు ఆడమొక్క మీది సిస్టోకార్ప్‌లో (బీజాలు తయారయ్యే బుడిపెలో) ఉంటుంది. జెలీడియంలో అది రెండు గదులు, రెండు పక్కలా రంధ్రాలు. టెరోక్లేడియాలో ఒక పక్కే తెరుచుకునే ఒకే గది. టెరోక్లేడియెల్లాను సాంటెలిసెస్, హామర్‌సాండ్ 1997లో వేరుచేసింది ఇలాంటి లోపలి వివరాల ఆధారంగానే. బయటి నుంచి చూస్తే మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి.

## పండిన మొక్క దొరికితే: గ్రసిలేరియా, గ్రసిలేరియాప్సిస్ తగవు

ఒకేలా కనిపించే ఎర్ర నాచులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు, అందుకే కాస్త ఆగి చెబుతాను.

1949లో డాసన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గ్రసిలేరియా నుంచి కొన్ని మొక్కల్ని విడదీసి గ్రసిలేరియాప్సిస్ అన్న ప్రజాతి పెట్టారు. తర్వాతివాళ్లు ఆ తేడాలు నిలబడవని తిరిగి కలిపేశారు. 1989లో ఫ్రెడెరిక్, హామర్‌సాండ్ ఆడమొక్కల్ని మళ్లీ కోసి చూసి, డాసన్ చెప్పిందే సరైనదని రెండింటినీ విడదీశారు. ఆ తర్వాత వచ్చిన జన్యు ఆధారాలు కూడా ఆ గీతనే బలపరిచాయి. అంటే ఈ తగవులో బ్లేడు ముందు వచ్చింది, డీఎన్ఏ వెనక వచ్చింది.

వాళ్లు చూసిందేమిటి? ఆడమొక్క కొమ్మ మీద ఆవగింజలా ఉబ్బిన బుడిపెలు ఉంటాయి, అవే సిస్టోకార్ప్‌లు. బుడిపె నెత్తిన సన్నని రంధ్రం ఉంటుంది. కోత సరిగ్గా ఆ రంధ్రం గుండా పోవాలి. పక్కకు పోయిన కోత ఏమీ చెప్పదు. ఒక్క బుడిపె నుంచి పనికొచ్చే కోతలు రెండో మూడో వస్తాయి, కాబట్టి ఊపిరి బిగబట్టి కోయాల్సిందే. లోపల బీజాలు తయారయ్యే ముద్ద ఉంటుంది, దాని చుట్టూ గోడ. గ్రసిలేరియాలో ఆ ముద్ద నుంచి గొట్టాల్లాంటి పోషక కణాలు సాగి గోడలోకి చొచ్చుకుపోతాయి, గుడారాన్ని తాళ్లతో బిగించినట్టు. గ్రసిలేరియాప్సిస్‌లో ఆ తాళ్లు ఉండవు.

మగమొక్కలోనూ తేడా ఉంది. చిక్కేమిటంటే మగమొక్క కంటికి గొడ్డుమొక్కలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ ఏరుకురారు. మగకణాలు పుట్టే తావు గ్రసిలేరియాప్సిస్‌లో పైపూతలా ఉపరితలమంతా పరుచుకుంటుంది. గ్రసిలేరియా జాతుల్లో కొన్నింటికి లోతులేని ప్రమిదల్లాంటి గుంటలు, కొన్నింటికి లోతైన కుండల్లాంటివి. కుండలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి గదుల వరుసలా ఉండేవి ఇంకొన్ని. ఈసారి సంచిలో "ఏమీ లేని" మొక్కలు కూడా నాలుగు వేసుకోండి.

దీని ఫలితం మన పక్కనే ఉంది. చిలికా సరస్సు నాచుల గురించిన పాత రాతల్లో గ్రసిలేరియా వెర్రుకోసా అన్న పేరు పదేపదే వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కడ గుండ్రటి దారాల గ్రసిలేరియా దొరికినా ఈ పేరే పెట్టేవారు. 1995లో స్టీన్‌టాఫ్ట్, ఇర్విన్, ఫార్నమ్ బ్రిటన్ మొక్కల్ని తేల్చి చూస్తే, ఆ ఒక్క పేరు కింద రెండు ప్రజాతుల మొక్కలు కలిసిపోయి ఉన్నాయి: ఒకటి గ్రసిలేరియా గ్రసిలిస్, రెండోది గ్రసిలేరియాప్సిస్ లాంగిసిమా. వెర్రుకోసా పేరును పక్కన పెట్టాల్సి వచ్చింది. కాబట్టి మన తీరం పాత జాబితాల్లో ఆ పేరు కనిపిస్తే దాన్ని జవాబుగా కాదు, తిరిగి తెరవాల్సిన ఫైలుగా చూడండి.

## డీఎన్ఏ: ఏ జన్యువు?

"డీఎన్ఏ చేయించాను" అంటే సరిపోదు, ఏ ముక్క చదివించారన్నది చెప్పాలి. ఎర్ర నాచులకు ఎక్కువగా వాడేవి ఇవి.

సీఓఐ: మైటోకాండ్రియాలోని జన్యువు, సుమారు 660 అక్షరాల ముక్క. 2005లో కెనడాకు చెందిన సాండర్స్ ఎర్ర నాచులకు దీన్ని బార్‌కోడ్‌గా (జాతిని గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్కగా) వాడి చూపించారు. వేగంగా మారుతుంది కాబట్టి దగ్గరి జాతుల్ని బాగా విడదీస్తుంది. ఒకే జాతిలో రెండు మొక్కల మధ్య తేడా మామూలుగా కొద్ది అక్షరాలే ఉంటుంది, వేరే జాతి అయితే పదుల్లోకి వెళుతుంది. లోపమేమిటంటే కొన్ని గుంపుల్లో ప్రైమర్లు (కావాల్సిన జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ తునకలు) అతుక్కోవు, పీసీఆర్ (ఆ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) ఖాళీగా వస్తుంది.

ఆర్‌బీసీఎల్: క్లోరోప్లాస్ట్ జన్యువు, దాదాపు 1,400 అక్షరాలు. కాస్త నెమ్మదిగా మారుతుంది. ఎర్ర నాచులకు ఏళ్ల తరబడి పోగైన సీక్వెన్సుల్లో దీనిది పెద్ద వాటా, కాబట్టి పోల్చడానికి ఎక్కువ దొరుకుతుంది. ప్రజాతి, కుటుంబం ఎక్కడ కూర్చుంటాయో చెప్పడానికి సీఓఐ కన్నా మేలు. ఒక్కటే చేయించే డబ్బులుంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఇందులో నాతో ఒప్పుకోనివాళ్లు ఉంటారు.

యూపీఏ: క్లోరోప్లాస్ట్‌లో 400 అక్షరాల లోపు చిన్న ముక్క. దాదాపు ఏ నాచులోనైనా పనిచేస్తుంది, దగ్గరి జాతుల్ని మాత్రం విడదీయలేకపోవచ్చు. నలిగిన, పాత శాంపిల్స్‌కి ఆసరా. మైటోకాండ్రియాలోని కాక్స్2-3 స్పేసర్ కూడా చిన్నదే, పెంపకం నాచు కప్పాఫైకస్‌లో దీని మీద చాలా పని జరిగింది. ఐటీఎస్ కేంద్రకంలోది. ఒకే మొక్కలో దాని నకళ్లు రకరకాలుగా ఉండి సీక్వెన్స్ గజిబిజిగా రావచ్చు. అయినా దానికో విలువ ఉంది. మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్ రెండూ సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తాయి, కాబట్టి సంకరం జరిగి ఉంటే అవి దాచేస్తాయి. కేంద్రకం జన్యువు దాన్ని బయటపెట్టగలదు.

ఇక చేతులు కాల్చుకున్న సంగతులు. ఒకసారి గ్రసిలేరియా అని నిస్సందేహంగా కోసి చూసిన మొక్క సీక్వెన్స్ సెరామియం (ఇంకో ఎర్ర నాచు) అని వచ్చింది. ల్యాబు తప్పు కాదు, నాదే. కొమ్మ మీద వెంట్రుకల్లా అంటుకున్న సెరామియం దారాల్ని తుడవకుండా ముక్క కత్తిరించాను. అప్పటి నుంచి భూతద్దం కింద కుంచెతో తుడిచి, శుభ్రంగా ఉన్న కొమ్మ కొసే తీసుకుంటున్నాను. ఇంకోటి, అగర్, క్యారజీనన్ జిగురు డీఎన్ఏతో పాటే వచ్చేసి పీసీఆర్‌ను ఆపేస్తుంది. పీసీఆర్ ఫలితం చూసే జెల్ ఖాళీగా ఉందని కంగారుపడి కొత్త కిట్ కొనకముందు, ఉన్న డీఎన్ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు అదే మందు.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు చివర్లో ఉంటుంది. సీక్వెన్స్‌ను జెన్‌బ్యాంక్‌లో (అందరూ పంపిన సీక్వెన్సుల భండారంలో) పెట్టి బ్లాస్ట్ (దగ్గరి పోలికను వెతికే సాధనం) నొక్కగానే పైన ఒక పేరు వస్తుంది, 97 శాతం అని. పిల్లలు దాన్నే రాసేస్తారు. మీ జాతి సీక్వెన్స్ అక్కడ ఎవరూ పెట్టకపోతే, ఉన్నవాటిలో దగ్గరిది పైకి వస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పైగా అక్కడి పేర్లు పంపినవాళ్లు పెట్టినవి, వాళ్లూ మనలాగే పొరపాటు పడి ఉండొచ్చు. ఆ సీక్వెన్స్‌కు హెర్బేరియం నంబరు ఉందా, మొక్కను ఎక్కడ సేకరించారు, ఆ జాతిని మొదట వర్ణించిన చోటుకు దగ్గరదా అని చూడండి. టైప్ మొక్క (పేరు ముడిపడి ఉన్న ఆ హెర్బేరియం మొక్క) నుంచో, అదే తీరం నుంచో వచ్చిన సీక్వెన్స్ ఒక్కటి ఎక్కడెక్కడివో ఇరవైకి సమానం.

డీఎన్ఏ లేకుండా తేలని కథ ఒకటి చెప్పాలి. జపాన్ హొక్కైడోలోని అక్కేషి నుంచి ఓమి 1956లో ఒక నాచును వర్ణించారు, ఇప్పుడు గ్రసిలేరియా వెర్మిక్యులోఫిల్లా అంటాం. ఈ మొక్క ఆయిస్టర్ల రవాణా వెంట యూరప్, ఉత్తర అమెరికా తీరాలకు చేరి బురద మేటల మీద పరుచుకుపోయింది. స్థానిక గ్రసిలేరియాలతో ఎంతగా కలిసిపోతుందంటే, సీక్వెన్సులు చూసేదాకా చాలాచోట్ల అది పరాయిదని ఎవరూ పోల్చుకోలేదు. ఈ మొక్క పేరు మాత్రం 1956లో గ్రసిలేరియాప్సిస్, తర్వాత గ్రసిలేరియా, 2018లో అగరోఫైటాన్, 2021లో మళ్లీ గ్రసిలేరియా. మొక్క మారలేదు, దాని సీక్వెన్స్ మారలేదు. పేరు శాస్త్రవేత్తల నిర్ణయం, అది డీఎన్ఏకి తెలియదని నేను ముందే అన్నది ఇందుకే.

## పెంపకం నాచులు: ఇక్కడ బ్లేడు చేతులెత్తేస్తుంది

రామనాథపురం జిల్లా తీరంలో వెదురు తెప్పల మీద కట్టి పెంచే కప్పాఫైకస్ అందరికీ తెలిసిందే. ముందు పరిశోధన కోసం మన దేశానికి వచ్చి, తర్వాత వ్యాపార పంటగా మారింది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చాక ఆంధ్ర తీరంలోనూ నాచు పెంపకం మాట గట్టిగా వినిపిస్తోంది. విత్తనం కొనేవాళ్లకు ఎదురయ్యేవి మూడు వ్యాపార పేర్లు.

| వ్యాపార పేరు | శాస్త్రీయ నామం | ఇచ్చేది | ఎలా పోల్చుకోవాలి |
|---|---|---|---|
| కాటోనీ | కప్పాఫైకస్ ఆల్వరేజీ | కప్పా క్యారజీనన్, గట్టి జెల్ | లావు కొమ్మలు. శాకోల్ నుంచి విడదీయడానికి డీఎన్ఏ కావాలి |
| శాకోల్ | కప్పాఫైకస్ స్ట్రయేటస్ | అదీ కప్పానే | గుబురుగా ఉంటుందంటారు, నమ్మకం తక్కువ; డీఎన్ఏ |
| స్పైనోసమ్ | యూకీమా డెంటిక్యులేటమ్ | అయోటా క్యారజీనన్, మెత్తని జెల్ | కొమ్మ చుట్టూ వరుసల్లో ముళ్లు. అడ్డకోతలో నడుమ సన్నని దారాల కట్ట |

స్పైనోసమ్‌ను మిగతా రెండింటి నుంచి విడదీయడానికి డీఎన్ఏ ఖర్చు దండగ, ముళ్లు చూసి ఒక కోత కోస్తే చాలు. కాటోనీ, శాకోల్ మధ్య మాత్రం కోత పెద్దగా సాయపడదు. ఈ మొక్కల్ని ముక్కలు తుంచి నాటుతూ పెంచుతారు కాబట్టి పండిన మొక్క దాదాపు దొరకదు. గ్రసిలేరియాలో మనల్ని కాపాడిన సిస్టోకార్ప్ ఇక్కడ లేదు. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అన్నవి రంగు రకాలే తప్ప జాతులు కావు. "పచ్చది కాటోనీ" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. 2014లో మలేసియా శాస్త్రవేత్తల బృందం కప్పాఫైకస్ మలేసియానస్ అన్న కొత్త జాతిని ప్రకటించింది. అది అప్పటిదాకా రైతుల చేతుల్లోనే, ఆల్వరేజీలా కనిపిస్తూ పెరుగుతోంది. దాన్ని పట్టించింది జన్యువులే.

పశువుల మీథేన్ తగ్గిస్తుందని పేరుపడ్డ అస్పరగాప్సిస్‌ది ఇంకో తమాషా. ఒకే మొక్కకు రెండు దశలు, ఒకటి నెమలీకలాంటి కుచ్చు, రెండోది దూదిపింజలాంటి చిన్న బంతి. రెండూ ఎంత వేరుగా ఉంటాయంటే బంతి దశకు ఒకప్పుడు ఫాల్కెన్‌బెర్గియా అని వేరే ప్రజాతి పేరే పెట్టారు. కుచ్చు దశలో అస్పరగాప్సిస్ ఆర్మాటాకు గాలం లాంటి ముళ్ల కొమ్మలుంటాయి, టాక్సిఫార్మిస్‌కు ఉండవు, అక్కడితో తేలిపోతుంది. బంతి దశలో రెండింటినీ చూసి విడదీయడం నమ్మదగ్గ పని కాదు, సీక్వెన్స్ తప్పదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | బాగా తేల్చేది | చతికిలబడేది |
|---|---|---|
| కంటిచూపు, భూతద్దం | గుంపులు, కొన్ని కొట్టొచ్చిన జాతులు | రంగు, ఆకారం మారే చోట |
| మామూలు అడ్డకోత | హిప్నియా, గ్రసిలేరియా, జెలీడియం, యూకీమా లాంటి ప్రజాతులు | దగ్గరి జాతులు |
| పండిన మొక్క కోత | ప్రజాతి హద్దు, పాత వర్ణనతో పోలిక | గొడ్డు మొక్కలు, పెంపకం మొక్కలు |
| సీఓఐ | దగ్గరి జాతులు, పరాయి జాతుల ఆచూకీ | ప్రైమర్ పట్టనివి, పోల్చడానికి సీక్వెన్స్ లేనివి |
| ఆర్‌బీసీఎల్ | ప్రజాతి, కుటుంబం, చాలా జాతులు | అతి దగ్గరి జాతులు |
| యూపీఏ | నలిగిన శాంపిల్స్, తొలి అంచనా | జాతి స్థాయి తీర్పు |

## మీ పరిస్థితిని బట్టి

డిగ్రీ, ఎమ్మెస్సీ హెర్బేరియం చేస్తున్నవాళ్లకు: డీఎన్ఏ జోలికి పోకండి. పది మొక్కలకు మంచి కోతలు, చేత్తో గీసిన బొమ్మలు పెట్టండి. పండని మొక్కకు ప్రజాతి పేరు రాసి ఆపేయడం తప్పు కాదు. ఊహించి జాతి పేరు రాయడమే తప్పు.

విత్తనం కొనే రైతు సంఘానికి, చిన్న కంపెనీకి: స్పైనోసమ్ కలిసిందా అన్నది మీరే చూసుకోవచ్చు. కాటోనీ అని చెప్పి ఇచ్చేది అదేనా అన్న అనుమానం పెద్ద సరుకు మీద ఉంటే, వేర్వేరు తెప్పల నుంచి ఐదారు ముక్కలు సిలికా జెల్‌లో వేసి కాక్స్2-3 స్పేసర్ చదివించండి. ఒక్క ముక్క పంపితే ఆ ఒక్క ముక్క సంగతే తెలుస్తుంది. ఇంకోటి, ఎక్కువ సరుకు ఇచ్చే రకం ఏదన్నది ఈ బార్‌కోడ్ చెప్పదు. ఒకే సీక్వెన్స్ ఉన్న రెండు రకాలు రెండు రకాలుగా పెరగొచ్చు. దానికి నీళ్లలో కట్టి తూకం వేయడమే మార్గం.

తీరం జాబితా తయారుచేసేవాళ్లకు, పరాయి జాతుల మీద కన్నేసి ఉంచేవాళ్లకు: సీఓఐ మొదటి జల్లెడగా వాడండి. వంద మొక్కల్లో ఎన్ని గుంపులున్నాయో అది త్వరగా చూపిస్తుంది. ప్రతి గుంపు నుంచి పండిన మొక్కలు ఏరి కోయండి. వందా కోయడం మనిషి పని కాదు, వందకీ సీక్వెన్స్ పేరు చూసి రాసేయడం శాస్త్రం కాదు.

కొత్త జాతి అని ప్రకటించాలనుకునే పరిశోధకులకు: వేర్వేరు కణాంగాల నుంచి కనీసం రెండు జన్యువులు, ఆడ, మగ, టెట్రాస్పోర్ (నాలుగేసి బీజాలు ఇచ్చే దశ) మొక్కల కోతలు, దగ్గరి జాతి టైప్‌తో పోలిక. టైప్ పాతదైతే, దాచిన హెర్బేరియం అనుమతిస్తే, అందులోంచి గోటికొనంత ముక్క నుంచి చిన్న సీక్వెన్స్ రాబట్టడం ఇప్పుడు సాధ్యమే. ఇలా చేసినప్పుడు "కొత్త జాతి" అనుకున్నది పాత, మరచిపోయిన పేరుకే తిరిగి చేరడం మామూలే. అప్పుడు నిరాశపడకండి, ఆ పేరును బతికించింది మీరే.

## సంచి దించగానే చేయాల్సింది

పద్ధతి ఏది ఎంచుకున్నా దాన్ని నిర్ణయించేది మైక్రోస్కోపు దగ్గర కాదు, రాళ్ల మీద నుంచి వచ్చిన మొదటి గంటలో. ఒక మొక్కను మూడు భాగాలు చేయండి. పెద్ద భాగాన్ని కాగితం మీద పరిచి ప్రెస్ చేయండి. పండిన కొమ్మల్ని సముద్రపు నీళ్లతో కలిపిన నాలుగు శాతం ఫార్మలిన్‌లో వేసి, సీసాను నీడన పెట్టండి. శుభ్రం చేసిన కొమ్మ కొసల్ని మెత్తని కాగితంతో తడి అద్ది సిలికా జెల్ పొట్లంలో వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే జెల్ మార్చండి. మూడింటి మీదా ఒకే నంబరు, పెన్సిల్‌తో. పెన్నుతో రాస్తే ఫార్మలిన్‌లో సిరా కరిగి, మర్నాటికి ఏ సీసా ఏ మొక్కదో మీకే తెలియదు.